లేకాక్ మఠము - టాల్బటు మహాశయుని చరిత్రము

గ్రంథాలయమున్న ప్రతి గ్రామమునందును గోడలపై కొన్ని పటములు కానవచ్చును. మహాత్మాగాంధీ, కందుకూరి వీరేశలింగము పంతులు, గ్రంథాలయ పితామహుడని పేరుగాంచిన అయ్యంకి వెంకటరమణయ్య మున్నగు పెద్దలను మనలో పెక్కుమంది కన్నులార చూచి యెరుగరు. ఐనను వారి ముఖములను బాలురు సైతము గుర్తింపగలరు. ఒకసారి తీసిన ఛాయాచిత్రమునుండి వేలకొలది ప్రతులను తీయు విద్య యొకటి పుట్టియుండుటచేతనే యిది సాధ్యమైనది. ఆ విద్యకు మూలసూత్రమును కనుగొన్నవాడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బటు అను ఆంగ్లేయుడు. ఆయన తన పరిశోధనలను ఏ విశ్వవిద్యాలయమునందును చేయలేదు. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినులకు మఠముగానుండి, పిదప గృహస్థుల నివాసముగా మారిన యొక పురాతన భవనమునందు ముఖ్యమైన పరీక్షలను జరిపెను. కావున ఆ మఠము కథను, అందు వసించిన వారి కథను కొంత తెలిసికొన్నగాని టాల్బటు చరిత్రము మనకు బోధపడదు.

లండను నగరమునకు పడమటి దిక్కున విల్టుషైరు మండలమునందు లేకాక్ అను చిన్న గ్రామము కలదు. దాని సమీపమున ఏవన్ నది ప్రవహించుచున్నది. ఆ నది చెంతనున్న పచ్చిక బయలునందు 1232వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన సాల్స్‌బరీ ప్రభ్వియైన ఈలా అను మహిళ మఠమునకు శంకుస్థాపన చేసెను. ఆమె భర్త విలియం లాంగెస్పీ జాన్ రాజునకు తండ్రివైపు సోదరుడు. అతడు 1226వ సంవత్సరమున మరణించెను. ఈలా పునర్వివాహము చేసికొనలేదు. స్త్రీలకు అధికార పదవులు మిక్కిలి అరుదైన ఆ కాలమున ఆమె విల్టుషైరు మండలమునకు షెరీఫు పదవిని సైతము వహించెను. కొంతకాలమునకు సంసారమును విడిచి, తాను నిర్మించిన మఠమునందే సన్యాసినియై, తరువాత మఠాధిపత్యమును వహించి, 1261వ సంవత్సరమున అచ్చటనే తనువు చాలించెను.

ఈ మఠమునందు ఒక అమూల్యమైన పత్రము భద్రపరుపబడెను. రాజు సైతము చట్టమునకు లోబడవలెనని చెప్పు మాగ్నాకార్టా శాసనమును జాన్ రాజు 1215వ సంవత్సరమున ప్రభువుల ఒత్తిడికి లోబడి అంగీకరించెను. అతని కుమారుడు మూడవ హెన్రీ 1225వ సంవత్సరమున దానిని మరల ప్రకటించెను. అప్పుడు విల్టుషైరు మండలమునకు వచ్చిన ప్రతి లేకాక్ మఠమును చేరి, అచ్చట శతాబ్దముల తరబడి నిలిచియుండెను. ఆ పత్రము చివరకు ఎవరి చేతికి చేరినదో మున్ముందు చెప్పబడును.

మూడువందల సంవత్సరములు మఠము ప్రశాంతముగా సాగెను. పదునారవ శతాబ్దమున ఎనిమిదవ హెన్రీ రోమునందలి పోపుతో తెగతెంపులు చేసికొని, ఇంగ్లండునందలి మఠములనన్నిటిని రద్దుచేసి, వాని మాన్యములను తన వశము చేసికొనెను. లేకాక్ సన్యాసినులు 1539వ సంవత్సరము జనవరి మాసమున మఠమును రాజాధికారులకు అప్పగించి, భరణములు పుచ్చుకొని వెడలిపోయిరి. మరుసటి సంవత్సరము విలియం షారింగ్టను అను రాజోద్యోగి 783 పౌనులకు దానిని కొనెను. అతడు మఠమునందలి దేవాలయమును పడగొట్టించెను. కాని చతుశ్శాలను, దానిచుట్టునున్న రాతి కమానుల వసారాలను, సన్యాసినుల గదులను కూల్చక, వానిపైననే తన నివాసమును ఏర్పరచుకొనెను. విలువగల వస్తువులను దాచుటకు ఎనిమిది మూలల బురుజునొకదానిని కట్టించెను. అతడు బ్రిస్టలు నగరపు టంకసాలలో అధికారిగానుండి, నాణెముల విషయమున మోసము చేసి, 1549వ సంవత్సరమున పట్టుబడెను. ప్రాణములు దక్కించుకొని, ధనము చెల్లించి ఆస్తిని తిరిగి పొంది, 1553వ సంవత్సరమున మరణించెను. అతనికి సంతానము లేదు. అతని తమ్ముని కుమార్తె టాల్బటు వంశీయుని వివాహమాడుటచే ఆ గృహము టాల్బటులకు సంక్రమించెను. ఈ విధముగా త్యాగముచే పుట్టిన యిల్లు లోభి చేతిలోపడియు కూలిపోక నిలిచెను. దేవాలయము పోయినను రాతి వసారాలు మిగిలెను.

ఆ వంశమునందు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బటు 1800వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన జన్మించెను. శిశువునకు ఆరు మాసములైనను నిండకమునుపే తండ్రి చనిపోయెను. ఎస్టేటు అప్పులలో మునిగియుండెను. లేకాక్ గృహము అద్దెకీయబడెను. తల్లి ఎలిజబెత్తు మిక్కిలి చదువుకొన్నది, వ్యవహారదక్షురాలు. ఆమె ఎస్టేటును క్రమముగా చక్కదిద్దెను. కుమారుడు ఆ కాలమంతయు బంధువుల యిండ్లలోను, విద్యాలయములలోను పెరిగెను. తన పేరనున్న గృహమున ఆయన కాపురముండుటకు 1827వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెను.

టాల్బటు హారో పాఠశాలయందును, పిమ్మట కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలయందును చదివెను. గ్రీకు కవిత్వ రచనకు బహుమానము పొందెను. 1821వ సంవత్సరమున గణితశాస్త్ర పరీక్షయందు పండ్రెండవవాడుగా ఉత్తీర్ణుడయ్యెను. 1831వ సంవత్సరమున రాయల్ సొసైటీ అను శాస్త్రజ్ఞుల సంఘమునకు సభ్యుడయ్యెను. మరుసటి సంవత్సరమున పార్లమెంటు సభ్యుడుగా ఎన్నికై కొలది కాలము పనిచేసెను. ఆ సంవత్సరముననే కాన్‌స్టన్సు అను కన్యను వివాహమాడెను. వారి పెద్దకుమార్తెకు పెట్టిన పేరు ఈలా. మఠమును స్థాపించిన ఆ మహిళ పేరు ఆరువందల సంవత్సరముల పిదపను ఆ యింట వినబడుచుండెను.

1833వ సంవత్సరము అక్టోబరు మాసమున దంపతులు ఇటలీ దేశమునందలి కోమో సరస్సునకు వెళ్లిరి. కుటుంబమునందలి స్త్రీలు సరస్సు సౌందర్యమును చక్కగా చిత్రించుచుండిరి. టాల్బటునకు చిత్రలేఖనము పట్టుబడలేదు. కాగితముపై దృశ్యము పడినట్లు కానవచ్చుటకు తోడ్పడు గాజు పట్టకము గల యొక పరికరమును ఉపయోగించినను, ఆయన చేతిలోని పెన్సిలు మాట వినకపోయెను. అంతకుముందు ఆయన చీకటిపెట్టె నొకదానిని సైతము వాడిచూచియుండెను. దాని కటకము వెలుపలి దృశ్యమును లోపలి కాగితముపై చూపును. కాని పెట్టెను కదల్చినంతనే అది మాయమగును. ఆ ప్రతిబింబము తనంతట తానే కాగితముపై ముద్రపడి నిలిచినయెడల ఎంత బాగుండునను తలంపు ఆయనకు కలిగెను. చేతగానితనమునకు సిగ్గుపడి ఊరకుండక, దాని కారణమునే యోచించిన వానికి క్రొత్త త్రోవ దొరకినది.

ఇంటికి వచ్చిన పిదప 1834వ సంవత్సరమున ఆయన పరీక్షలు ప్రారంభించెను. మంచి వ్రాతకాగితమును ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టి, దానిపై సిల్వరు నైట్రేటు ద్రవమును పూసెను. అట్టి కాగితము వెలుతురు తగిలిన చోట నల్లబడును. దానిపై ఒక ఆకును గాని, పూవును గాని, అల్లిక గుడ్డను గాని పెట్టి ఎండలోనుంచినచో, వస్తువు క్రింది భాగము తెల్లగా నిలిచి, చుట్టుప్రక్కల నల్లబడును. పిదప గాఢమైన ఉప్పునీటితోనో, మరియొక లవణముతోనో కడిగినచో చిత్రము చాలవరకు నిలుచును. ఈ పద్ధతిని చిన్న కొయ్య పెట్టెలకు కటకములు బిగించి వానిలోను ప్రయోగించెను. ఇంటి చుట్టును అక్కడక్కడ పెట్టబడిన ఆ పెట్టెలను చూచి ఆయన భార్య ఎలుకబోనులని పరిహసించెడిది.

1835వ సంవత్సరము ఆగస్టు మాసమున మఠ భవనపు దక్షిణ వసారాయందలి కిటికీని ఆయన ఇట్లే చిత్రించెను. ఆ కాగితము బొటనవ్రేలి గోరుకంటె ఏమంత పెద్దది కాదు. ఐనను కిటికీయందలి సుమారు రెండువందల చిన్న అద్దములను భూతద్దముతో లెక్కింపవచ్చునని ఆయన వ్రాసికొనెను. నేడు ప్రపంచమున నిలిచియున్న నెగటివులలో కాలము తెలిసినంతవరకు ఇదియే మొదటిది. వెలుగు నీడలు తారుమారైన ఆ చిత్రముపై మరియొక పూతకాగితము నుంచి ఎండ తగిలించినచో అసలు చిత్రము వచ్చును. ఒక నెగటివునుండి ఎన్ని ప్రతులనైన తీయవచ్చును. టాల్బటు మహాశయుడు లోకమునకిచ్చిన గొప్ప సూత్రము ఇదియే.

ఇంత కనుగొనియు ఆయన ఆ సంగతిని ప్రకటింపలేదు. పద్ధతి ఇంకను పరిపూర్ణము కాలేదని భావించి, కాగితములను సొరుగులో పెట్టి, గణితము, దృష్టిశాస్త్రము, ప్రాచీన గ్రంథముల పరిశీలనము మొదలగు పనులలో మునిగెను. గణితమునందలి కృషికి 1838వ సంవత్సరమున రాయల్ సొసైటీ పతకమును పొందెను. ఇంతలో 1839వ సంవత్సరము జనవరి 7వ తేదీన పారిసు నగరమునందు పిడుగువంటి వార్త వెలువడెను. దగేరు అను ఫ్రెంచి చిత్రకారుడు కెమేరాలోని ప్రతిబింబమును వెండి పూత రేకుపై నిలిపినాడని అచ్చటి శాస్త్ర పరిషత్తు ప్రకటించెను. టాల్బటు తొందరపడెను. ఆ నెల 25వ తేదీన లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడగు ఫారడే టాల్బటు చిత్రములను సభ్యులకు చూపెను. 31వ తేదీన టాల్బటు వ్యాసము రాయల్ సొసైటీలో చదువబడెను. కాని ప్రథముడను కీర్తి అప్పటికే పారిసును చేరినది. నాలుగు సంవత్సరములు సొరుగులోనున్న విద్యకు మూడు వారముల ఆలస్యము సంభవించినది.

ఐనను రెండు పద్ధతులకు భేదము కలదు. దగేరు రేకుపై చిత్రము అత్యంత స్పష్టమైనది, కాని అది ఒక్కటియే. దానినుండి ప్రతులు రావు. టాల్బటు కాగితముపై స్పష్టత తక్కువ, ప్రతులకు మాత్రము అంతులేదు. ఆయన స్నేహితుడగు సర్ జాన్ హెర్షెలు, నేడు హైపో అని వ్యవహరింపబడు లవణముతో చిత్రమును స్థిరపరచు విధమును తెలిపెను. నెగటివు, పాజిటివు అను పేర్లను వాడుకలోనికి తెచ్చినవాడు ఆయనయే. 1840వ సంవత్సరము సెప్టెంబరు మాసమున టాల్బటు మరియొక మర్మమును కనుగొనెను. వెలుతురు కొలది సేపు తగిలిన కాగితముపై కంటికి కనబడని చిత్రము దాగియుండును. దానిని గాలిక్ ఆమ్లము కలిసిన ద్రవముతో తడిపినచో చిత్రము బయల్పడును. అంతకుమునుపు గంటసేపు పట్టు పని ఒకటి రెండు నిమిషములలో జరుగుట కారంభించెను. ఈ పద్ధతికి కాలోటైపు అని పేరు పెట్టి, 1841వ సంవత్సరమున ఆయన పేటెంటు హక్కు పొందెను.

1844వ సంవత్సరమునుండి 1846 వరకు ఆరు భాగములుగా ఆయన ప్రకటించిన పుస్తకము గ్రంథాలయ ప్రియులకు ప్రత్యేకముగా చెప్పదగినది. దాని పేరు ప్రకృతి కలము అని అర్థమిచ్చును. ఛాయాచిత్రములతో అమ్మకమునకు వెలువడిన గ్రంథములలో అది అగ్రగణ్యము. అందు 24 చిత్రములు కలవు. అవి అచ్చువేసినవి కావు, ఒక్కొక్క ప్రతిని ఎండలో తీసి, చేతితో పుటలపై అంటించినవి. గడ్డివామి, నిచ్చెన, తెరచిన తలుపు, పింగాణీ పాత్రలు, లేకాక్ మఠము అందలి విషయములు. పింగాణీ పాత్రలను దొంగ యెత్తుకొనిపోయినచో ఇట్టి చిత్రము న్యాయస్థానమున సాక్ష్యము చెప్పగలదని ఆయన ఊహించెను. ఎనిమిదవ చిత్రమునకు విషయము గ్రంథాలయము. రెండు అరలలో వరుసగా పేర్చిన పుస్తకములు మాత్రమే అందున్నవి. మనుష్యులెవ్వరును లేరు. ఐనను ఆ పుస్తకములను చూచినచో వానిని చదివినవాని స్వభావము కొంత తెలియును.

ఇంతవరకు ప్రశంసింపదగినదే. ఇక టాల్బటునకు అపకీర్తి తెచ్చిన విషయమును చెప్పకుండుట న్యాయము కాదు. ఫ్రెంచి ప్రభుత్వము దగేరునకు భరణమిచ్చి ఆయన పద్ధతిని లోకమునకు వెల్లడించినది. ఇంగ్లండునందు మాత్రము దగేరు సైతము హక్కును నిలుపుకొనెను. టాల్బటునకు ఏ ప్రభుత్వమును భరణ మీయలేదు. ఆయన తన ధనమును విశేషముగా వెచ్చించెను. కావున పేటెంటు కోరుటలో అన్యాయమేమియు లేదని ఆయన అభిప్రాయము. కాని ఆ హక్కువలన ఇంగ్లండునందు కాలోటైపు వ్యాపింపలేదు. రుసుము చెల్లింపలేనివారు దూరముననే నిలిచిరి. ఆ పేటెంటు స్కాట్లండునకు వర్తింపదు. అచ్చట ఎడిన్‌బరో నగరమున హిల్, ఆడంసను అను ఇరువురు 1843వ సంవత్సరమునుండి నాలుగైదేండ్లలో వేలకొలది చిత్రములు తీసిరి. చేపలమ్ము స్త్రీలు, జాలరులు మొదలుకొని మతాచార్యుల వరకు వారి చిత్రములలో కానవత్తురు. ఒకే విద్య ఒకచోట తాళము పడియుండి వాడిపోయెను, మరియొకచోట తలుపు తెరచియుండి వికసించెను.

1851వ సంవత్సరమున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు అను శిల్పి గాజుపలకపై నెగటివు తీయు పద్ధతిని కనుగొని, ఏ హక్కును కోరక లోకమునకు వెల్లడించెను. ఆ పద్ధతి అన్ని దేశములకు ప్రాకెను. కాని ఆయన 1857వ సంవత్సరమున పేదరికమున మరణించెను. ఇచ్చినవాడు బీదవాడాయెను, దాచినవాడు నిందపాలాయెను. ఈ రెంటికి నడుమ న్యాయమైన మార్గమేదను ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు.

శాస్త్రజ్ఞుల, చిత్రకారుల కోరికపై 1852వ సంవత్సరమున టాల్బటు తన హక్కులను చాలవరకు వదలుకొని, ధనమునకు మనుష్యుల పటములు తీయువారి విషయమున మాత్రము నిలుపుకొనెను. ఆర్చరు పద్ధతియు తన హక్కులోనిదేయని వాదించి లరోషు అను ఛాయాగ్రాహకునిపై వ్యాజ్యెము తెచ్చెను. 1854వ సంవత్సరము డిసెంబరు మాసమున జూరీ తీర్పు చెప్పెను. కాలోటైపును మొదట కనుగొన్నవాడు టాల్బటే యనియు, కాని లరోషు ఆయన హక్కును భంగపరుపలేదనియు ఆ తీర్పు సారాంశము. టాల్బటు పేటెంటును పొడిగించుకొనలేదు. విద్య స్వేచ్ఛను పొందినది.

ఆ విద్య మన దేశమునకు చేరిన పిదప జరిగిన యొక పని మన యాంధ్రులకు సంబంధించినది. 1845వ సంవత్సరమున వాల్టర్ ఎలియటు దొర కృష్ణాతీరమున అమరావతి స్తూపము వద్ద త్రవ్వించి, పెక్కు శిల్ప ఫలకములను మద్రాసునకు పంపెను. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడగు లినియస్ ట్రైపు 1858వ సంవత్సరమున ఆ ఫలకములను ఛాయాచిత్రములుగా తీసెను. నెగటివునుండి ప్రతులు తీయు టాల్బటు సూత్రమే దానికి ఆధారము. 1859వ సంవత్సరమున ఆ శిల్పములు ఓడలపై లండనునకు పంపబడినవి. నేడవి బ్రిటిషు మ్యూజియమునందున్నవి. ఆంగ్ల దేశపు సన్యాసినీ మఠమున పుట్టిన విద్య, ఆంధ్రదేశపు బౌద్ధక్షేత్రపు శిల్పములను అవి మన తీరమును విడుచుటకు ముందే చిత్రములలో నిలిపినది.

టాల్బటు తక్కిన జీవితమును ఊరక గడపలేదు. ఛాయాచిత్రమును లోహపు రేకుపై చెక్కి, ముద్రణపు సిరాతో అచ్చువేయు పద్ధతిపై పెక్కు సంవత్సరములు కృషి చేసెను. ఎండలో తీసిన ప్రతులు కాలక్రమమున వెలిసిపోవుచుండుట ఆయనను బాధించుచుండెను. పుస్తకములలో ఛాయాచిత్రముల ముద్రణకు ఆయన ప్రయత్నములు పునాదులైనవి. ప్రాచీన అస్సీరియా దేశపు బాణాకార లిపిని సైతము ఆయన అభ్యసించెను. ఆ లిపిని నిజముగా చదువగలుగుచున్నారా లేక ఊహించుచున్నారా యని లోకులు సందేహించు కాలమది. 1857వ సంవత్సరమున ఒకే శాసనమును టాల్బటు, రాలిన్‌సను, హింక్సు, ఓపర్టు అను నలుగురు విడివిడిగా అనువదించి మూసిన కవర్లలో సమర్పించిరి. విప్పి చూడగా అనువాదములు ముఖ్య విషయములలో ఏకీభవించెను. సందేహము తీరెను. టాల్బటు 1877వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన లేకాక్ గృహముననే కన్నుమూసెను.

ఆయన కుమారుడు చార్లెస్ హెన్రీ మఠ భవనపు పూర్వచరిత్రను శ్రద్ధతో పరిశోధించి, అవివాహితుడుగనే 1916వ సంవత్సరమున మరణించెను. ఆస్తి అతని మేనకోడలగు మటిల్డాకు దక్కెను. ఆమె టాల్బటునకు కుమార్తె బిడ్డ. వంశ నామమును ఆమె స్వీకరించెను. పురాతన గృహమును కాపాడుట ఎంత భారమో ఆమెకు తెలియును. దానిని అమ్మి ధనము గడింపవచ్చును. ఆమె ఆ పని చేయలేదు. 1944వ సంవత్సరమున మఠ భవనమును, గ్రామమునందలి యిండ్లలో అధిక భాగమును, నేషనల్ ట్రస్టు అను ప్రజాసంస్థకు దానముగా ఇచ్చెను. ఏడు శతాబ్దముల చరిత్రగల మాగ్నాకార్టా ప్రతిని బ్రిటిషు మ్యూజియమునకు సమర్పించెను. అది నేడు బ్రిటిషు లైబ్రరీలో కలదు. ఆమె 1958వ సంవత్సరమున మరణించెను. 1975వ సంవత్సరమున మఠ ద్వారము చెంత టాల్బటు పేర ప్రదర్శనశాల ఏర్పడినది. సన్యాసినులు నడచిన వసారాలలో నేడు దేశదేశముల యాత్రికులు నడచుచున్నారు. అచ్చట చలనచిత్రములు సైతము తీయబడినవి.

నేడు డిజిటల్ కెమేరాలు, చేతి ఫోనులు వచ్చిన పిదప నెగటివులు అరుదైనవి. ఐనను ఒక చిత్రమునుండి అనేక ప్రతులు కావలెనని టాల్బటు కన్న కల ప్రతి యింటను నెరవేరుచున్నది. ఆ మఠ చరిత్రమును తిరిగి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఈలా తన సంపదను ఇచ్చుటచే ఇల్లు పుట్టెను. షారింగ్టను దాచుటకు బురుజు కట్టెను, అతని ధనము మిగులలేదు, బురుజు మిగిలెను. టాల్బటు గొప్ప విద్యను కనుగొని కొంతకాలము సొరుగులోను, కొంతకాలము హక్కులోను బంధించెను. అది విడుదలయైన పిదపనే ఆయన కీర్తి పెరిగెను. మటిల్డా ఇల్లును, పత్రమును ప్రజలకప్పగించుటచే రెండును నిలిచెను.

గ్రంథాలయమునకును ఈ ధర్మమే మూలము. ఒకని యింట బీరువాలోనున్న పుస్తకము ఒకనికే అక్కరకు వచ్చును. గ్రామ గ్రంథాలయపు అరలోనికి వచ్చినచో చేతులు మారి, అట్టలు నలిగి, పుటలు మాసి, వందలమందికి విద్యనిచ్చును. నలిగిన అట్ట పుస్తకమునకు అవమానము కాదు. ఇరువదియైదు సంవత్సరములుగా పుస్తకములను, స్థలమును, ధనమును, తీరికను ఇచ్చి మన గ్రంథాలయమును పోషించిన దాతలు, చందాదారులు, కార్యకర్తలు ఈ ధర్మమును ఆచరించినవారు. ఇంకను మన గ్రామమున తాళపత్రములు, పాత దస్తావేజులు, పెద్దల పటములు పెట్టెలలో నిద్రించుచుండవచ్చును. వానిని చెదలపాలు చేయక గ్రంథాలయమునకు తెచ్చి చూపుటకు ఈ రజతోత్సవ సమయముకంటె తగిన తరుణము లేదు. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును సైతము జరుపుకొని చిరకాలము వర్ధిల్లుగాక!